వారం అద్దె, వారం జీతం

పోయిన సంచికలో నా ఆస్ట్రేలియా ఏడాది గురించి మాటవరసకు నాలుగు ముక్కలు రాశాను. ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగం దాని మీదే. కొత్తగా చదువుతున్నవాళ్ల కోసం చెబుతున్నాను: ఏడాదిపాటు ఉండి పనిచేసుకోనిచ్చే వర్క్ అండ్ హాలిడే వీసా మీద 2025 మార్చిలో మెల్‌బోర్న్‌లో దిగాను, ఏడాది తిరగ్గానే వచ్చేశాను. అక్కడ గురువారం గురువారం జీతం పడేది. ఆ రాత్రి ఒక చిన్న నోటుపుస్తకంలో ఆ వారం సంగతి ఒక్క లైను రాసుకునేదాన్ని. బాగా గడిస్తే నీలం పెన్ను, లేకపోతే ఎరుపు. మొత్తం 52 లైన్లలో 14 ఎర్రవి. ఈ జవాబులు ఆ పుస్తకాన్ని పక్కన పెట్టుకునే రాస్తున్నాను.

ప్రశ్న: నాకు 26 ఏళ్లు. డిగ్రీ చేసి అకౌంట్స్‌లో పనిచేస్తున్నాను. ఈ వీసా లాటరీలో వస్తుందట, నిజమేనా? ఒక కన్సల్టెన్సీ వాళ్లు తమ దగ్గర కోటా ఉందంటున్నారు. చేతిలో ఎంత డబ్బు ఉండాలి?

జవాబు: లాటరీయే. భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్లకు ఏడాదికి 1,000 మందికే చోటు. 2022 ఏప్రిల్‌లో రెండు దేశాలూ కుదుర్చుకున్న వాణిజ్య ఒప్పందంతో వచ్చిన అవకాశం ఇది. మొదటిసారి పేర్లు తీసుకున్నది 2024 అక్టోబర్‌లో. నాకు ఆ విడతలోనే తగిలింది. వయసు 18 నుంచి 30. పేరు నమోదుకు 25 ఆస్ట్రేలియా డాలర్లు. పేరు వస్తే 28 రోజుల్లో అసలు దరఖాస్తు పెట్టాలి. నేను కట్టిన వీసా ఫీజు 650 డాలర్లు. అది ఏటా జులైలో మారుతుంటుంది కాబట్టి కట్టేముందు అక్కడి హోం అఫైర్స్ శాఖ వెబ్‌సైట్‌లో చూసుకోండి. కంప్యూటర్ తీసే లాటరీలో ఎవరికీ కోటా ఉండదు. కోటా ఉందన్నవాళ్లకు ఒక దండం పెట్టి బయటికొచ్చేయండి.

డబ్బు విషయానికొస్తే, ఖర్చులకు ఓ 5,000 డాలర్లు, తిరుగు టికెట్‌కు సరిపడా మరికొంత ఉన్నట్టు చూపించమంటారు. చాలామంది అది చూపించడానికే అనుకుంటారు, అప్పు తెచ్చి బ్యాంకులో చూపించి తిరిగిచ్చేస్తారు. అలా మాత్రం చేయకండి. నా లెక్క చెబుతాను. గది అద్దె వారానికి 260. అక్కడ అద్దె మాట్లాడేదంతా వారాల్లోనే. బాండ్ పేరుతో, అంటే ఖాళీ చేసేటప్పుడు తిరిగివ్వాల్సిన డిపాజిట్‌గా, నాలుగు వారాల అద్దె 1,040, ముందస్తుగా రెండు వారాలకు 520. దిగిన ఆరో రోజుకి 1,560 డాలర్లు పోయాయి, ఇంకా దుప్పటి కూడా కొనలేదు. మొదటి జీతం ఐదో వారంలో పడింది.

ఆ బాండ్‌ని నేను నగదుగా చేతికిచ్చాను, రసీదు అడగలేదు. ఖాళీ చేసిన రోజున గోడ మీద గీతలంటూ 400 పట్టుకున్నారు. ఆ గీతలు నేను రాకముందు నుంచీ ఉన్నవే. మెల్‌బోర్న్ ఉన్న విక్టోరియా రాష్ట్రంలో బాండ్‌ని ఓనరు తన దగ్గర ఉంచుకోకూడదు, పది పనిదినాల్లో ప్రభుత్వ బాండ్ అథారిటీలో జమ చేయాలి. ఆ సంగతి నాకు తెలిసేసరికి గది వదిలి రెండు వారాలైంది. మీరు జమ రసీదు మీ ఈమెయిల్‌కి వచ్చాకే పెట్టె విప్పుకోండి.

ప్రశ్న: ఈ వీసాతో అక్కడ పీఆర్ (శాశ్వత నివాసం) వస్తుందా?

జవాబు: నేరుగా రాదు. ఆ ఆశతో వెళ్లేటట్టయితే వెళ్లకండి.

ప్రశ్న: అక్కా, మెల్‌బోర్న్ వచ్చి ఎనిమిది వారాలైంది. ఒక కెఫేలో కిచెన్ హ్యాండ్‌ని. వారానికి రెండు మూడు షిఫ్టులే ఇస్తున్నారు. సాయంత్రం ఐదింటికే చీకటి పడిపోతోంది. నాతో పాటు వచ్చినవాళ్ల ఫోటోల్లో అందరూ సముద్రం ఒడ్డున నవ్వుతూ కనిపిస్తున్నారు. రాత్రి ట్రామ్‌లో ఏడుపొస్తోంది. వెనక్కి వచ్చేయనా?

జవాబు: చెల్లీ, నా పుస్తకంలో తొమ్మిదో వారం లైను ఉన్నదున్నట్టు రాస్తున్నాను. "18 గంటలు. 461 డాలర్లు. 19వ నంబరు ట్రామ్‌లో ఏడ్చాను. ఎవరూ చూడలేదు." ఎర్ర పెన్ను.

ఆ 461 ఎలా వచ్చిందో ముందు చెబుతాను, నీ పేస్లిప్‌తో సరిచూసుకో. అప్పట్లో కనీస వేతనం గంటకు 24.10 డాలర్లు. నీలాగే నేనూ క్యాజువల్‌ని. క్యాజువల్ అంటే జీతంతో సెలవులుండవు, రేపటి షిఫ్టుకి హామీ ఉండదు, అందుకు బదులుగా 25 శాతం కలిపి ఇస్తారు. అలా గంటకు 30.13. పద్దెనిమిది గంటలకు 542. మన వీసా వాళ్లకి మొదటి డాలరు నుంచే 15 శాతం పన్ను, ఏడాదికి 45,000 డాలర్ల దాకా అదే రేటు. అది పోగా 461. అందులో అద్దె 260. ఆ తర్వాత ఆ కనీస వేతనం పెరిగింది, 2025 జులైలో 24.95 అయింది. నీకు పాత రేటే ఇస్తుంటే ఈ రోజే అడుగు.

షిఫ్టుల కోసం వేరే కెఫేలు తిరుగుతుంటావు కదా, ఒక్కటి గుర్తుపెట్టుకో. ఒక చోట నాతో రెండు రోజులు, రోజుకి ఐదు గంటల చొప్పున "ట్రయల్" చేయించుకుని, మూడో రోజు ఫోన్ ఎత్తలేదు. పని వచ్చో రాదో చూడ్డానికి ఓ గంట అంటే అర్థముంది. పది గంటలు గిన్నెలు తోమాక అది ట్రయల్ కాదు, పని. పనికి జీతం ఇవ్వాల్సిందే. ఫెయిర్ వర్క్ అంబుడ్స్‌మన్ అని ప్రభుత్వ కార్యాలయం ఉంది, ఫిర్యాదుకి పైసా ఖర్చు లేదు. నేను చేయలేదు. వీసాకి ఏమైనా అవుతుందేమోనని భయపడ్డాను. ఆ భయం మీదే అలాంటివాళ్ల వ్యాపారం నడుస్తుంది. అన్నట్టు, ఆ ట్రయల్ ముగిసిన సాయంత్రమే సెయింట్ కిల్డా బీచ్‌లో నవ్వుతూ ఫోటో దిగి పెట్టాను. నూట నలభై మంది మెచ్చుకున్నారు. నువ్వు చూస్తున్న ఫోటోల వెనక ఏముందో నీకూ నాకూ ఏం తెలుసు?

ఇక ఏడుపు సంగతి. ఆ ఊళ్లో మనం ఎవరికీ ఏమీ కాము. ఎవరి కూతురమో, ఏం చదివామో ఎవరికీ అక్కర్లేదు. తొమ్మిదో వారంలో నన్ను ఏడిపించింది ఇదే. "ఎవరూ చూడలేదు" అని దిగులుగా రాసుకున్నాను. ఇరవయ్యో వారంలో కెఫే వెనక సందులో విరామంలో పాల డబ్బా మీద కూర్చుని, చెప్పులు విప్పేసి, అరటిపండు తింటూ గట్టిగా పాడుకున్నాను. ఎవరూ చూడలేదు. ఆ వారం నీలం పెన్ను. మారింది వారమే, ఊరు కాదు, జనమూ కాదు.

మధ్యలో ఏం జరిగిందంటే, పెద్దగా ఏమీ జరగలేదు. షిఫ్టు లేని రోజున గదిలో పడుకోవడం మానేశాను. స్వాన్‌స్టన్ స్ట్రీట్‌లో స్టేట్ లైబ్రరీ ఉంది, 1913లో తెరిచిన గుమ్మటం గది లోపలికి వెళ్లి తల పైకెత్తితే మెడ నొప్పెడుతుంది. లోపల వెచ్చగా ఉంటుంది, వైఫై ఉచితం, పొమ్మనేవాళ్లు లేరు. ఆకుపచ్చ దీపం కింద కూర్చుని రెజ్యూమే మార్చుకున్నాను. ముప్పై కాపీలు తీయించుకుని, మధ్యాహ్నం రెండున్నరకి, అంటే రద్దీ తగ్గి కుర్చీలు సర్దేముందు, ఒక్కో కెఫే మెట్లెక్కాను. ఉదయం తొమ్మిదికి వెళితే ఆ రద్దీలో నీ మొహం కూడా చూడరు. ఇరవై మూడో చోట కౌంటర్ దగ్గర పనిచ్చారు.

అక్కడ మొదటి రోజే ఒక పెద్దాయన వచ్చి "ఒక మ్యాజిక్" అన్నాడు. సరదా పడుతున్నాడనుకుని నవ్వి, "మీకు చూపించే మ్యాజిక్ నా దగ్గరేం లేదండీ" అన్నాను. వెనక కాఫీ మెషిన్ దగ్గరున్న అబ్బాయి పొట్ట పట్టుకుని కూర్చున్నాడు. మ్యాజిక్ అనేది మెల్‌బోర్న్‌లో తాగే ఒక కాఫీ. రెండు చిక్కటి షాట్ల మీద చిన్న కప్పులో ముప్పావు వంతు దాకా పాలు పోస్తారు. అప్పటి నుంచి ఆయన వచ్చినప్పుడల్లా నన్నే చూసి అడిగేవాడు. వారానికి నాలుగు రోజులు. ఆ ఊళ్లో నా కోసం ఎదురుచూసిన మొదటి మనిషి ఆయనే.

వెనక్కి రావాలా వద్దా అన్నది షిఫ్టు లేని రాత్రి తేల్చుకోకు. నాకు నేను పెట్టుకున్న లెక్క ఒకటుంది: వరసగా నాలుగు వారాలు ఎరుపైతే గదో, పనో, ఊరో ఏదో ఒకటి మార్చాలి. మార్చాక మరో నాలుగు వారాలూ ఎరుపే అయితే టికెట్ కొనుక్కోవాలి. నాకు వరసగా మూడు దాటలేదు. జీతం ఎగ్గొడుతున్నా, ఉన్నచోట భయంగా ఉన్నా, తిండీ నిద్రా పోయినా మాత్రం ఏ లెక్కా చూడకు, వచ్చేయ్. ఏడాది పూర్తిచేయమని ఎవరూ పందెం కట్టలేదు.

ప్రశ్న: రెండో ఏడాది వీసా కోసం 88 రోజులు తోటపని చేద్దామని క్వీన్స్‌లాండ్ వెళ్తున్నాను. ఒక కాంట్రాక్టరు ఏబీఎన్ తీసుకోమంటున్నాడు, డబ్బు చేతికిస్తాడట, ఉండడానికి ఇల్లు కూడా వాళ్లదేనట. ఒప్పుకోవచ్చా?

జవాబు: ఒప్పుకోకు తమ్ముడూ. ఏబీఎన్ అంటే వ్యాపారులు తీసుకునే నంబరు, అది తీసుకుంటే నువ్వే ఒక వ్యాపారివన్నమాట. వాడు చెప్పిన టైముకెళ్లి, వాడి కత్తితో, వాడి తోటలో గెలలు కోసేవాడివి నువ్వు వ్యాపారివెలా అవుతావు? నీకు కనీస వేతనం, బీమా, సూపర్ (యజమాని వేయాల్సిన పెన్షన్ డబ్బు) ఎగ్గొట్టడానికి ఆ దారి. పైగా చేతికిచ్చే డబ్బుకి పేస్లిప్ ఉండదు. పేస్లిప్ లేకపోతే రేపు నువ్వు 88 రోజులు చేశావని వీసా వాళ్లకి చూపించడం మహా కష్టం. జీతం ఇచ్చిన ఒక్క పనిదినంలోగా పేస్లిప్ ఇవ్వాలని చట్టం ఉంది. బుట్టల లెక్కన కూలి మాట్లాడినా, 2022 ఏప్రిల్ నుంచి తోటపనిలో గంటల లెక్కన కనీస కూలికి తగ్గకూడదు.

రోజుల లెక్కలో ఇంకో మెలిక చూసుకో. ఆ పనిలో వారానికి ఐదు రోజులు పూర్తి పని కింద లెక్కయితే, ఐదు రోజులు చేస్తే ఏడుగా పడతాయి. వారానికి రెండు రోజులే పనిస్తే మాత్రం రెండే. అందుకే పని "ఉంటుంది" అంటే చాలదు, వారానికి ఎన్ని రోజులని అడుగు. ఆ ఊరి పిన్‌కోడ్ జాబితాలో ఉందో లేదో కూడా చూసుకో. మన వర్క్ అండ్ హాలిడే వీసా నంబరు 462, దాని జాబితా వేరు. తైవాన్ లాంటి దేశాల వాళ్లకు ఇచ్చే 417 నంబరు వీసా జాబితా వేరు. హాస్టల్లో పక్క మంచం వాడికి చెల్లిన ఊరు నీకు చెల్లకపోవచ్చు.

ఉండే చోట పొగ అలారం వైపు ఒకసారి చూడు. 2000 జూన్ 23న క్వీన్స్‌లాండ్‌లోనే చిల్డర్స్ అనే ఊళ్లో, తోటపనికొచ్చిన కుర్రాళ్లుండే హాస్టల్ తగలబడి 15 మంది చనిపోయారు. అలారాలు పనిచేయలేదు. నేనయితే ఏ గదికెళ్లినా ముందు కిటికీ తెరిచి చూసేదాన్ని. నవ్వినవాళ్లు నవ్వారు.

నేను చేసింది క్వీన్స్‌లాండ్‌లోని టల్లీ అనే ఊళ్లో, అరటి తోటల ప్యాకింగ్ షెడ్లో. ఆ ఊరి నడిమధ్య 7.9 మీటర్ల ఎత్తున బంగారు రంగు వాన బూటు ఒకటి నిలబెట్టారు. 1950లో అక్కడ పడిన వాన ఎత్తు అంతట! హాస్టల్లో పని కోసం పదహారు రోజులు కూర్చున్నాను, అద్దె మాత్రం కూర్చోలేదు. 23, 24 వారాలు రెండూ ఎరుపే.

పని మొదలయ్యాక ఉదయం ఆరింటికి తోట గేటు దగ్గర బూట్లు మందు నీళ్లలో ముంచాలి. అరటికి పట్టే పనామా తెగులు బూటుకంటిన మట్టితో కూడా పాకుతుంది, 2015లో టల్లీ చుట్టుపక్కల బయటపడినప్పటి నుంచీ ఆ జాగ్రత్త. షెడ్లో గెలలు పట్టాకి వేలాడుతూ వస్తాయి. ఒకడు అత్తాలు కోసి నీళ్ల తొట్టిలో వేస్తాడు. మేము వంకీ కత్తితో వాటిని నాలుగైదు పళ్ల గుత్తులుగా కోసి, మచ్చలున్నవి తీసేసి పెట్టెలకు పంపాలి. జిగురు తగిలితే బట్ట మీద ముందు ఏమీ కనిపించదు. ఉతికాక నల్లగా తేలుతుంది, ఇక పోదు. నా చొక్కాలు మూడూ అలాగే పోయాయి. మొదటి వారం రాత్రుళ్లు వేళ్లు ముడుచుకుపోయి ఫోన్ కూడా పట్టుకోలేకపోయాను.

గెలల్లోంచి ఆకుపచ్చ కప్పలు దూకేవి, అరచేయంత. మొదటిది నా మోచేతి మీద వాలినప్పుడు నేను అరిచిన అరుపుకి పట్టా ఆపేశారు. నా ఎదురుగా తైవాన్ అమ్మాయి నిలబడేది. ఆమె ఏమీ అనకుండా తన టీ కప్పులో కప్పని పట్టి, మూత పెట్టినట్టు అరచెయ్యి అడ్డం పెట్టి, షెడ్డు వెనక కాలువ గట్టున వదిలి వచ్చింది. మర్నాటి నుంచి ఒక కప్పు మా ఇద్దరి మధ్య కప్పల కోసమే ఉండేది. ఆమెకు వచ్చిన ఇంగ్లిషు కొంచెం, నాకు ఆమె భాష సున్నా. నాలుగు నెలలు పక్కపక్కన నిలబడ్డాం. నా పుస్తకంలో 31వ వారం: "40 గంటలు. కప్పలు ఆరు." నీలం పెన్ను.

ప్రశ్న: ఏడాది చేసి తిరిగొచ్చి నాలుగు నెలలైంది. ఇంటర్వ్యూల్లో అది "గ్యాప్" అంటున్నారు. స్నేహితులు పది నిమిషాలు విని మాట మార్చేస్తున్నారు. నా సూపర్ డబ్బు ఇంకా తీసుకోలేదు, ఏం చేయాలి?

జవాబు: సూపర్‌తో మొదలుపెడదాం, అది తేలిక. మీ జీతం పైన యజమాని పెన్షన్ నిధిలో వేసినదది, 2025 జులై నుంచి 12 శాతం. దేశం వదిలి, వీసా ముగిశాక అక్కడి పన్ను కార్యాలయం వెబ్‌సైట్‌లోనే అడగొచ్చు. కానీ కళ్లు మూసుకుని చదవండి: మన వీసా వాళ్లకి అందులో 65 శాతం పన్ను. నాకు 2,340 డాలర్లు పోగైతే చేతికొచ్చింది 819. అయినా అడగండి, వదిలేస్తే అదీ లేదు.

గ్యాప్ అన్నవాళ్ల ముందు "విదేశంలో జీవితం నేర్చుకున్నాను" లాంటి మాటలు అనకండి. నేనూ మొదటి రెండు ఇంటర్వ్యూల్లో అదే అని దెబ్బతిన్నాను. మూడో చోట "రోజూ మూడింటికి క్యాష్ డ్రాయర్ లెక్క నేనే కట్టేదాన్ని, ఐదు నెలల్లో రెండుసార్లే తేడా వచ్చింది" అన్నాను. ఆవిడ పెన్ను తీసి రాసుకుంది.

స్నేహితుల మీద కోపం పెట్టుకోకండి. ఆ పది నిమిషాలూ వాళ్లు ప్రేమగానే విన్నారు. కప్పల గురించి వినాలంటే మరో కప్పల మనిషి కావాలి. నేను నెలకోసారి తైవాన్‌కి ఫోన్ చేస్తాను. రెండో ఏడాదికి రోజులు సరిపోయినా ఎందుకు వెళ్లలేదని నన్ను చాలామంది అడుగుతున్నారు. మార్చిలో ఆఖరి గురువారం లైను రాశాక పుస్తకంలో కాగితాలైపోయాయి. కొత్త పుస్తకం కొనాలనిపించలేదు. అంతకంటే పెద్ద కారణం వెతికాను, దొరకలేదు.

ప్రశ్న: అమ్మా, మా అమ్మాయి వచ్చే నెల మెల్‌బోర్న్ వెళ్తోంది. ఒక్కతే. జబ్బు చేస్తే ఎవరు చూస్తారు? ఎప్పుడడిగినా బాగానే ఉన్నానంటుంది, అక్కడికెళ్లాక నాకు నిజం ఎలా తెలుస్తుంది?

జవాబు: జబ్బు సంగతికి జవాబు ఉందండీ. అక్కడి ప్రభుత్వ మెడికేర్ మన పాస్‌పోర్టు వాళ్లకు వర్తించదు. విమానం ఎక్కకముందే పూర్తి ఏడాదికి ఆరోగ్య బీమా తీయించండి. చవకని చూసి తోటపని, వంటింటి పని వదిలేసిన పాలసీ తీసుకోవద్దు. అంబులెన్స్ ఖర్చు అందులో ఉందో లేదో ప్రత్యేకంగా అడగండి. అత్యవసరానికి నంబరు 000.

నిజం మాత్రం అంత తేలిగ్గా తెలియదు. తొమ్మిదో వారం ట్రామ్ దిగాక నేను మా అమ్మతో అన్నమాట "బ్రహ్మాండంగా ఉన్నాను". మీరు "బాగున్నావా" అని అడక్కండి. ఆ ప్రశ్నకి కూతుళ్లందరి దగ్గరా ఒకే జవాబు. "ఈ వారం ఎన్ని గంటలు పడ్డాయి?" అని అడగండి. పన్నెండు అని చెబితే ఆ వారం ఇంకాస్త సేపు మాట్లాడండి, డబ్బు ఊసెత్తకుండా. ముప్పై అంటే ఏం కొనుక్కుందో అడగండి.

ఇంకొకటి. మెల్‌బోర్న్‌లో అక్టోబర్ మొదటి ఆదివారం గడియారాలు ఒక గంట ముందుకు జరుపుతారు, ఏప్రిల్ మొదటి ఆదివారం మళ్లీ వెనక్కి. ఆమె రోజూ తన రాత్రి ఎనిమిదింటికి ఫోన్ చేస్తుంటే, ఇన్నాళ్లూ మనకు మధ్యాహ్నం మూడున్నరకి మోగేది అక్టోబర్‌లో ఆ రోజు నుంచి రెండున్నరకే మోగుతుంది, ఏప్రిల్‌లో మళ్లీ మూడున్నరకి. మా అమ్మ ఆ ఏప్రిల్ ఆదివారం ఫోన్ ఎత్తి, హలో కూడా అనకుండా "ఏమైందే?" అంది.